గ్రహాంతరవాసికి అద్దెకిల్లు దొరుకుతుందా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో జాతివివక్ష గురించి వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు. గ్రహాంతరవాసుల మొహాలు ఎలా తయారుచేస్తారో, గ్రాఫిక్స్ ఎలా కలుపుతారో వివరంగా ఉంది. కానీ ఆఖర్లో, తెల్లా నల్లా గొడవ మనకి లేదు కాబట్టి తెలుగు ప్రేక్షకుడికి ఇవి ఉత్త కాలక్షేపమే అన్నట్టు తేల్చేశారు. ఆ ముక్క దగ్గరే నాకు అభ్యంతరం. ఉత్తరం కొంచెం పొడవైంది. కత్తిరించుకుంటే కత్తిరించుకోండి గానీ, కింద రాసిన వరద సంగతి మాత్రం ఉంచండి.

నేను విజయవాడలో ఇళ్ళ బ్రోకర్ని. అమ్మకాల జోలికి పోను, అద్దెలే. సత్యనారాయణపురం, అయోధ్యనగర్, గాంధీనగర్ వైపు టులెట్ బోర్డు కట్టిన ప్రతి గేటూ నాకు తెలుసు. సినిమా పిచ్చి చిన్నప్పటిది. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల మెట్ల మీద సినిమా రీళ్ళ పెట్టెలు దిగుతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. ఇంగ్లీషు బొమ్మలు ఇప్పుడు మా అమ్మాయి లాప్‌టాప్‌లో పెట్టి చూపిస్తుంది. అర్థం కాని చోట ఆపి చెప్తుంది, విసుక్కుంటూనే.

మీ వ్యాసకర్త 2009లో వచ్చిన 'డిస్ట్రిక్ట్ 9' సినిమాలో రొయ్యల్లాంటి ఆ ప్రాణుల్ని చూశారు. నేను చూసింది పరీక్ష అట్ట చేత్తో పట్టుకుని తిరిగే మనిషిని. కథ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. 1982లో జొహానెస్‌బర్గ్ నెత్తి మీదికి ఓ పెద్ద అంతరిక్ష నౌక వచ్చి ఆగిపోతుంది. లోపల తిండి లేక నీరసించిపోయిన లక్షల ప్రాణులు. వాటిని కిందికి దించి ఒక వాడలో పెడతారు. ఇరవై ఏళ్ళు దాటేసరికి ఊరివాళ్ళకి వాటి పొడ గిట్టదు. ఊరికి దూరంగా ఇంకో శిబిరానికి తోలెయ్యాలి. ఉత్తినే తోలేస్తే బాగుండదు కదా, అంచేత ఖాళీ చెయ్యమని నోటీసులిచ్చి సంతకాలు తీసుకోవాలి. ఆ పని వికస్ అనే గుమాస్తా నెత్తిన పడుతుంది.

ఈ వికస్ దుర్మార్గుడేం కాదండీ. పెళ్ళాం అంటే ప్రేమ, మామగారంటే భయం. చేతుల్లేని స్వెట్టరు తొడుక్కుని, కెమెరా వైపు తిరిగి నవ్వుతూ, గుడిసె గుడిసెకీ వెళ్ళి తలుపు కొడతాడు. సంతకం పెట్టమంటే ఒక ప్రాణి కోపమొచ్చి కాగితాన్ని చేత్తో కొడుతుంది. ఆ పడ్డ గీతే సంతకం కింద చెల్లుతుందిలే అంటాడు. మా అమ్మాయి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ కాగితం, ఆ మర్యాద, 'నాదేముంది సార్, పైనుంచి చెప్పారు' అనే ఆ మొహం నాకు రోజూ కనిపించేవే. మా సినిమాల్లో అయితే జనాన్ని విడదీసేవాడికి ఓ మీసం, ఓ కొరడా, వెనకాల నలుగురు రౌడీలు పెడతారు. అసలు పని చేసేది గుమాస్తా అని ఈ దర్శకుడు నీల్ బ్లోమ్‌కాంప్ కనిపెట్టాడు, దక్షిణాఫ్రికాలో పుట్టినవాడు కాబట్టి కాబోలు.

ఆ సినిమా పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. రకరకాల జనం కలిసి బతికిన చోటు. ఏ జాతివాళ్ళు ఏ పేటలో ఉండాలో ప్రభుత్వమే తేల్చే 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద 1966 ఫిబ్రవరి 11న దాన్ని తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించారు. 60,000 మందికి పైగా మనుషుల్ని ఊరికి దూరంగా కేప్ ఫ్లాట్స్ అనే ఇసుక నేలల్లోకి తోలారు. ఇళ్ళు బుల్‌డోజర్లతో నేలమట్టం చేసి, చర్చీలు మసీదులు మాత్రం నిలిపి ఉంచారు. ఇక్కడ నా వృత్తి అడ్డొస్తుంది, క్షమించాలి. పైన టేబుల్ మౌంటెన్, కింద ఓడరేవు, ఊరి నడిబొడ్డు. అలాంటి జాగాలో చాలా భాగం దశాబ్దాల తరబడి గడ్డి మొలిచి ఖాళీగా పడి ఉంది! బెంజిసర్కిల్లో అలాంటి స్థలం ఒక్క పూట ఖాళీగా ఉంటుందా? డబ్బు కోసమే చేసిన పనైతే మర్నాడే ప్లాట్లు వేసి అమ్ముకునేవాళ్ళు. అద్దె పోయినా పర్వాలేదు, వాళ్ళు పక్కన ఉండకపోతే చాలు అనుకునే మనిషి అక్కడా ఉన్నాడు, ఇక్కడా ఉన్నాడు.

ఇంకో సంగతి. అదే చట్టం కింద డర్బన్‌లో చాట్స్‌వర్త్ అనే కొత్త పేటకి తరలించిన భారతీయుల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళ సంతానం. తెల్లా నల్లా గొడవ మనకి లేదని రాసేటప్పుడు వాళ్ళని కూడా లెక్కలో వేసుకోవలసింది.

ఆ సినిమాలో కనిపించే గుడిసెలు కూడా జొహానెస్‌బర్గ్ పక్కన సోవెటోలో చియవెలో అనే చోట నిజంగా మనుషులున్నవేనట. వాళ్ళని ప్రభుత్వ ఇళ్ళకి తరలిస్తున్న రోజుల్లోనే అక్కడ షూటింగు చేశారు. ఇంత చేసిన దర్శకుడు నైజీరియా వాళ్ళని మాత్రం మాంసం కోసం గ్రహాంతరవాసుల్ని కోసుకుతినే ముఠాగా చూపించాడు. ఆ దేశ ప్రభుత్వం అప్పుడే మండిపడింది. న్యాయమే. దాని గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

మా వృత్తి చరిత్ర కూడా కాస్త చెప్పాలి, మీ వ్యాసకర్త మెచ్చుకున్న అమెరికా సినిమాల వెనక ఉన్నది అదే కాబట్టి. అమెరికాలో రియల్ ఎస్టేట్ బోర్డుల జాతీయ సంఘం 1924లో తన నీతి నియమావళిలోనే రాసిపెట్టుకుంది: ఏ జాతివాళ్ళు వస్తే పేటలో ఇళ్ళ ధరలు పడిపోతాయో అలాంటివాళ్ళని అక్కడికి తీసుకురావడానికి సభ్యుడు కారణం కాకూడదని. నీతి నియమావళి అండీ! 1950లో గానీ ఆ మాటలు మార్చలేదు. ఇల్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో జాతి చూడకూడదని అక్కడ చట్టం వచ్చింది 1968 ఏప్రిల్ 11న, మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి. నాకు తెలిసి మా అద్దె బ్రోకర్లకి ఇక్కడ సంఘమూ లేదు, నియమావళీ లేదు. రాసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ 1968లోనే 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' వచ్చింది. మీ వ్యాసంలో దానికి ఫొటో వేశారు గానీ లోపలికి వెళ్ళలేదు. ఆ కోతుల రాజ్యంలో ఒరాంగుటాన్లు శాస్త్రం చెప్తాయి, తీర్పులిస్తాయి. గొరిల్లాలు తుపాకులు పడతాయి. చింపాంజీలు చదువుకుంటాయి, పరిశోధనలు చేస్తాయి, కానీ ఒరాంగుటాన్ ఔనంటేనే అది నిజమౌతుంది. మనుషులు బోనుల్లో ఉంటారు. పుట్టుకతోనే పని, పనితోనే మర్యాద. ఇది చూసి అమెరికావాళ్ళు తమ రంగుల గొడవ తలుచుకున్నారంటే అర్థముంది. బెజవాడలో కూర్చున్నవాడికి ఇంకేదీ గుర్తు రాలేదంటేనే ఆశ్చర్యం.

ఆ షూటింగు ముచ్చట ఒకటి ఆ సినిమా హీరో చార్ల్టన్ హెస్టన్ చెప్పేవాడు. మధ్యాహ్నం భోజనాలకి గొరిల్లా వేషాలవాళ్ళు గొరిల్లాలతో, చింపాంజీ వేషాలవాళ్ళు చింపాంజీలతో, ఒరాంగుటాన్లు ఒరాంగుటాన్లతో కూర్చునేవాళ్ళట. అలా కూర్చోమని ఎవ్వరూ చెప్పలేదు. పొద్దున అతికించి సాయంత్రం పీకేసే రబ్బరు మొహాలు అవి.

అయితే ఈ సినిమాలన్నిటిలోనూ నాకు ఒక లోపం కనిపిస్తుంది. వేరుచెయ్యబడినవాళ్ళు నిజంగానే వేరుగా ఉంటారు. రొయ్య మూతి, గోళ్ళు, ఒళ్ళంతా పెంకు. లేదంటే కళ్ళలోంచి నిప్పులు కక్కుతారు. పక్కింట్లో నిప్పులు కక్కేవాడు దిగితే నాకైనా భయమే కదా! అంటే తలుపు వేసుకున్నవాడి భయానికి కథే ఒక సాకు అందిస్తోంది. మన దగ్గర అలాంటి సాకేదీ లేదు. అసలు చూసి చెప్పడమే కుదరదు. అడగాలి.

వరద సంగతి ఇదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడ మీద పోర్షన్లకి గిరాకీ పెరిగింది. నీళ్ళు తీశాక ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది. ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరరు, ఆవిడ నర్సు, ఒక పిల్లాడు. బండి సీటు మీద ఇంకా బురద చారలున్నాయి. నాకు తెలిసిన ఇంటాయన దగ్గరికి తీసుకెళ్ళాను. మంచి మనిషి, తప్పు చెప్పకూడదు. వరద రోజుల్లో ఇంట్లో పులిహోర కలిపించి, పొట్లాలు కట్టించి, ట్రాక్టరెక్కి పంచి వచ్చినవాడు. లోపలికి రమ్మన్నారు, కుర్చీలు వేశారు, పిల్లాడికి మజ్జిగ ఇప్పించారు. అరగంట కూర్చోబెట్టి మునిగిన సామాన్ల గురించి, పోయిన సర్టిఫికెట్ల గురించి అడిగి అయ్యో అన్నారు. అడ్వాన్సు మాట కూడా అయిపోయింది. అప్పుడు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, 'మనవాళ్ళేనా?' అన్నారు.

అరగంట ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనుషులు! మొహం చూశారు, మాట విన్నారు, ఉద్యోగాలు తెలుసుకున్నారు. అయినా ఆయనకి కావలసింది కనిపించలేదు. నేను తెలియదన్నాను. ఆయనే వెళ్ళి సొంతూరేదన్నారు, ఆ ఊళ్ళో ఏ వైపు అన్నారు, ఇంటిపేరు అడిగారు. మర్నాడు ఫోన్ చేసి, మా చెల్లెలు వాళ్ళు వస్తామంటున్నారు, ఏమనుకోవద్దు అన్నారు. చెల్లెలు రాలేదు. ఆ పోర్షను సంక్రాంతి దాకా తాళం వేసే ఉంది.

దీనికి సరిపోయే కథ 1969 జనవరిలో అమెరికా టీవీలో వచ్చింది, 'స్టార్ ట్రెక్'లో ఒక భాగం. వేరే గ్రహం నుంచి వచ్చిన ఇద్దరు ఒకరినొకరు చంపుకునేంత పగతో ఉంటారు. ఇద్దరి మొహాలూ సగం నలుపు, సగం తెలుపు. ఓడ కెప్టెన్‌కి తేడా ఏమిటో తెలియదు, ఇద్దరూ ఒకలాగే ఉన్నారుగా అంటాడు. అందులో ఒకడికి ఒళ్ళు మండిపోతుంది. నాకు కుడివైపు నలుపు, వాడికి ఎడమవైపు నలుపు, కనిపించడం లేదా అని అరుస్తాడు. చివరికి వాళ్ళ గ్రహమే తగలబడిపోయి ఉంటుంది. మా అమ్మాయి దీన్ని మరీ పచ్చిగా చెప్పారంది. నాకైతే మెట్ల దగ్గర ఆ ఇంటాయన మొహం గుర్తొచ్చింది.

ఇంకొకటి 1997 నాటి 'గట్టకా'. మనిషి పుట్టగానే రక్తపు చుక్కతో వాడి రాత రాసేసే లోకం అది. మామూలుగా పుట్టిన విన్సెంట్‌కి గచ్చులు తుడిచే పనే దొరుకుతుంది. అంతరిక్షంలోకి వెళ్ళాలని ఉంటుంది. దాంతో ఇంకొకడి పేరు, ఇంకొకడి రక్తం, ఇంకొకడి వెంట్రుకలు అరువు తెచ్చుకుని ఆఫీసులో చేరతాడు. వేలి కొనకి దొంగ చర్మం అతికించి అందులో ఆ రక్తం దాచుకుంటాడు. రోజూ ఒళ్ళు తెగ తోముకుంటాడు, తన వెంట్రుక ఒక్కటి కూడా టేబుల్ మీద రాలకూడదని. అలా వివక్ష చూపడం ఆ లోకంలోనూ చట్టరీత్యా నేరమే, కానీ దాన్నెవరూ పట్టించుకోరు. నువ్వు చెప్పకపోయినా నువ్వు ముట్టుకున్న తలుపు పిడి చెప్పేస్తుంది. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో కొందరు ఇంటిపేరు మింగేసి పేరొక్కటే చెప్తారు. కొందరు అడగకముందే 'మేం గుడ్డు కూడా తినమండీ' అంటారు. ఫొటోలన్నీ సర్దాకే ఓనర్ని లోపలికి పిలిచేవాళ్ళని, దేవుడి పటం ఏది పెట్టాలో నన్నడిగినవాళ్ళని చూశాను. రాకెట్టు ఎక్కడానికి కూడా కాదు, డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్ కోసం. మీ వ్యాసంలో ఈ సినిమా పేరే లేదు, గ్రాఫిక్స్ తక్కువని వదిలేశారేమో.

ఇక మన సినిమా సంగతి. 'కల్కి 2898 ఏడీ' నేను రెండుసార్లు చూశాను, ఇంకోసారైనా చూస్తాను. భూమి మీద ఎండిపోయిన కాశీ, పైన తలకిందుల పిరమిడ్‌లా తేలే కాంప్లెక్స్. కిందివాళ్ళకి నీళ్ళు లేవు, పైవాళ్ళకి సముద్రాలున్నాయి. యూనిట్లంటే అక్కడి డబ్బు, అవి కూడబెడితే పైకి వెళ్ళొచ్చు. ప్రభాస్ తాపత్రయమంతా అందుకే. అందులోనూ ఇంటి ఓనరున్నాడు, బ్రహ్మానందం. పాపం, అద్దె బాకీ గురించి తప్ప ఇంకేమీ అడగడు! నాకు ఆయన్ని చూస్తే ముచ్చటేసింది. ఇంకో 870 ఏళ్ళకైనా అలాంటి ఓనర్లు వస్తారన్నమాట. నా ఫిర్యాదు అదే. మనవాళ్ళు భవిష్యత్తుని ఊహించినప్పుడు గోడ కడతారు గానీ, ఆ గోడకి డబ్బు తాళం వేస్తారు. యూనిట్లుంటే తెరుచుకుంటుంది. ఆ లెక్చరరు దగ్గర అడ్వాన్సు చేతిలోనే ఉంది.

కాశీ అంటే గుర్తొచ్చింది. మన వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గారు 1941లోనే 'గబ్బిలం' రాశారు. అంటరానివాడికి గుళ్ళోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి అడ్డు లేదు. అంచేత అతను తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పి రమ్మని గబ్బిలాన్ని పంపుతాడు. పెంకు శరీరం, రొయ్య మూతి ఏవీ అక్కర్లేదు. ఎవరూ చూడ్డానికి ఇష్టపడని ఒక ప్రాణి గర్భగుడి కప్పుకి తలకిందులుగా వేలాడుతోంది, మనిషి గుడి బయట ఉన్నాడు. హాలీవుడ్ వాళ్ళు బోలెడు ఖర్చుపెట్టి చేసింది ఆయన పద్యాల్లో చేశారు. పైగా నేను పైన చెప్పిన లోపం అందులో లేదు. వేరేగా ఉన్నది గబ్బిలం, దాన్ని రానిచ్చారు. మనలాగే ఉన్నది మనిషి, అతన్ని రానివ్వలేదు. కథ తలకిందులు చేస్తే గానీ నిజం కనపడదని ఆయనకి తెలుసు. మన దర్శకులకి కథలు దొరకడం లేదంటే నేను నమ్మను.

1991 జూలైలో 'ఆదిత్య 369' వచ్చింది. టైమ్ మెషీన్ ఎక్కించి మనల్ని 1526లో కృష్ణదేవరాయల కాలానికీ, 2504కీ తీసుకెళ్ళిన సింగీతం శ్రీనివాసరావు గారికి నేనిప్పటికీ దణ్ణం పెడతాను. ఆ బొమ్మ హాళ్ళలో ఆడుతున్న రోజుల్లోనే, ఆగస్టు 6న, తెనాలి అవతల చుండూరులో 8 మంది దళితుల్ని చంపేశారు. ఆ గొడవ మొదలైంది ఎక్కడనుకున్నారు? ఆ ఊరి సినిమా హాల్లో. ఒక దళిత కుర్రాడి కాలు ఇంకో కులం కుర్రాడికి తగిలిందని. ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ, ఆ తర్వాత చంపడం. మన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులతో పాటు వినోద స్థలాల పేరు కూడా రాసి మరీ చెప్పింది, అక్కడ కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదని. టికెట్టు కొన్నవాడు చీకట్లో ఎక్కడైనా కూర్చోవచ్చని. అద్దె ఇళ్ళ పేరు అందులో ఎత్తలేదు, అది మా ఓనర్ల అదృష్టం. సింగీతం గారిని నేనేమీ అనడం లేదు, ఆయన తీసింది పిల్లలూ పెద్దలూ హాయిగా చూసే సినిమా. కానీ ఆ తర్వాత ఇన్నేళ్ళలో మన తెలుగు యంత్రాలు రాయల కాలానికి వెళ్ళాయి, కలియుగాంతానికి వెళ్ళాయి, చుండూరు హాలు దగ్గర మాత్రం ఏ యంత్రమూ ఆగలేదు.

ఎవరైనా తీస్తానంటే కథ నేనిస్తాను, కమీషన్ కూడా వద్దు. సత్యనారాయణపురంలో ఒక గ్రహాంతరవాసి అద్దెకిల్లు వెతుక్కుంటూ వస్తాడు. నాలుగు చేతులు, ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద మూడో కన్ను. ఓనరు కంగారు పడడు. మూడో కన్ను చూసి చేతులెత్తి దణ్ణం పెట్టినా పెడతాడు. ఆరు నెలల అడ్వాన్సు ఒకేసారి ఇస్తానంటాడు ఆకుపచ్చాయన. నీళ్ళ మోటరు ఎప్పుడెప్పుడు వెయ్యాలో, బండి ఎక్కడ పెట్టుకోవాలో, రాత్రి పదింటికి గేటు తాళమని అన్నీ మాట్లాడుకుంటారు. నాలుగు చేతులున్నాయి, నీళ్ళు ఎక్కువ వాడతాడేమో అని ఇంటావిడ సందేహపడుతుంది. అంతా కుదిరాక ఓనరు బ్రోకర్ని మెట్ల దగ్గరికి పిలుస్తాడు. పాపం బ్రోకరు ఏం చెప్పాలి? ఆ గ్రహంలో ఇంటిపేర్లుండవు. సొంతూరేదంటే ఆకాశం వైపు చూపిస్తాడు. ఓనరు అక్కడ కూడా వదలడు, 'ఆకాశంలో ఏ వైపు?' అంటాడు. ఇంటర్వెల్ ఇక్కడ వెయ్యొచ్చు.

ఈ ఉత్తరం అచ్చు వేస్తే నా పేరు వెయ్యొద్దని మనవి. ఓనర్లకి కోపమొస్తుందని కాదు, వాళ్ళు ఇంత పొడుగు ఉత్తరాలు చదవరు. పేరు కింద ఇంటిపేరు కనపడిందంటే, చదివినవాళ్ళు ముందు నేనెవరో లెక్క కట్టి, ఆ తర్వాత నేను రాసింది ఒప్పో తప్పో తేలుస్తారు.

ఇట్లు,
ఇళ్ళ బ్రోకరు,
సత్యనారాయణపురం, విజయవాడ.